దొడ్డి అడిగితే తొట్టి

మా ఊళ్లో ఆడవాళ్ల కోసం గవర్నమెంటు కట్టించిన కట్టడం ఒకటి ఉంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. గులాబి రంగు గోడలు, నీలం తలుపు, ముందు గోడ మీద చెంబు పట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. ఆ బొమ్మ దేనికి నవ్వుతున్నదో మాకు చాలా కాలం తెలియలేదు. తలుపుకు వేలాడుతున్న తాళాన్ని చూసి నవ్వుతున్నదని మా ఎదురింటి అవ్వ కనిపెట్టింది.

లోపల వరసగా కక్కూసు గదులు, స్నానాల గదులు, బట్టలు ఉతకడానికి బండలు ఉన్నాయి. రిబ్బను కత్తిరించిన రోజు నేనూ చూశాను. ఆ రోజు మమ్మల్ని గుడిలోకి పంపినట్టు వరసలో పంపి చూపించారు. చెప్పులు బయట విడవమన్నారు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత నీళ్ల మోటారు కాలిపోయిందన్నారు. రిపేరుకు తీసుకుపోయిన మోటారు హోసూరు దాకా పోయిందో, దారిలో ప్రెసిడెంటు గులాబి తోట దగ్గరే దిగిపోయిందో గానీ, తిరిగి రాలేదు. నీళ్లు లేకుండా తెరిచి పెడితే గలీజవుతుందని తాళం వేశారు.

ప్రెసిడెంటు ఎవరో చెప్పాలి. ఆ ఐదేళ్లూ మా పంచాయతీ ఆడవాళ్లకు రిజర్వు అయింది. మేము ఓటు వేసింది ఒక ఆడమనిషికి. సంతకం పెట్టేది కూడా ఆమే. మిగిలినదంతా ఆమె మొగుడు. ఊరంతా అతన్ని ప్రెసిడెంటు అనేది. ఆమెను ప్రెసిడెంటమ్మ అనేది, అంటే ప్రెసిడెంటు పెండ్లాం అని. డాక్టరు పెండ్లాన్ని డాక్టరమ్మ అన్నట్టే. మీటింగుల్లో ఆమె నడిమి కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంటూ ఉంటే, ఆమె తరఫున అతనే నమస్కారం కూడా పెట్టేవాడు.

కట్టడానికి తాళం పడినా మొదట్లో మాకు పెద్ద బాధ తెలియలేదు. కెలవరపల్లి ఆనకట్ట వైపు పోయే దారిలో, ఊరికి దిగువన, తుమ్మ చెట్లూ లంటానా పొదలూ ఉన్న బీడు ఉండేది. మా అత్తల కాలం నుంచీ అది ఆడవాళ్లది. మగవాళ్లకు మిగతా ఊరంతా ఉంది కదా, ఆ ఒక్క జాగా జోలికి వచ్చేవాళ్లు కాదు. అయితే హోసూరు పెరిగి పెరిగి మా దాకా వచ్చింది. బీడును ఎవరో కొన్నారు. పొదలు కొట్టేశారు, రాతి కూసాలు పాతారు, ముళ్ల కంచె చుట్టారు. ప్లాట్లు అమ్మకానికి అని పెద్ద బోర్డు పెట్టారు. ఆ బోర్డు మీద ఈత కొట్టే కొలను బొమ్మ, అందులో నీళ్లు చిమ్ముకుంటున్న పిల్ల బొమ్మ. కంచె దగ్గర ఒక వాచ్‌మెన్‌ను పెట్టి అతని నోటికి ఒక ఈల ఇచ్చారు. పొద్దు పొడవక ముందు చెంబు పట్టుకుని ఎవరైనా కంచె కింద దూరితే అతను ఈల ఊదేవాడు. పంటకు వచ్చిన పందుల్ని తోలినట్టు తోలేవాడు.

అది మా కోడలు వచ్చిన ఏడు. ఆమెది కృష్ణగిరి టౌను. తండ్రి మామిడికాయల మండీలో పని చేసేవాడు. ఇల్లు చిన్నదే, అయినా వెనక ఒక తలుపూ, ఆ తలుపుకు లోపలి నుంచి గడియా ఉండేవి. మా ఇంటికి వచ్చిన తర్వాత ఆ పిల్ల పొద్దున పూట కాఫీ మానేసింది. మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగడం తగ్గించేది. అందరమూ అట్లాగే చేసేవాళ్లం గానీ, మాకు అలవాటై అది చేస్తున్నట్టే తెలిసేది కాదు. ఆమె చేస్తుంటే తెలిసింది. తర్వాత ఆమె గర్భవతి అయింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఎన్నిసార్లు అవసరమవుతుందో ఆడవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. ఐదో నెలలో కంచె కింద దూరలేక చుట్టూ తిరిగి, రోడ్డు దాటి, లారీల వెలుతురు పడినప్పుడల్లా లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, ఏడుస్తూ వచ్చింది.

ఇంట్లోనే కట్టుకోవచ్చు కదా అని టౌనులో ఉన్నవాళ్లు అడుగుతారు. మా వీధిలో ఇండ్లన్నీ గోడకు గోడ అంటుకుని ఉంటాయి. ముందు వాకిలి వీధిలోకి తెరుచుకుంటుంది, వెనక గోడ ఇంకొకరి పశువుల కొట్టానికి ఆనుకుని ఉంటుంది. గుంత తవ్వాలంటే పొయ్యి కింద తవ్వాలి. భూమి ఉంది, అది ఊరి బయట ఉంది. నా కొడుకు హోసూరులో కంపెనీ పనికి పోయేవాడు, అక్కడ అతనికి టైల్సు వేసిన గదులున్నాయి. నా మొగుడికి చేను ఉంది. ఇంట్లో ఈ సంగతి మా అత్తాకోడళ్లిద్దరిదే.

గాజులు వేసి పుట్టింటికి పంపే ముందు ఆమె నాతో ఒక మాట చెప్పింది. కోపంగా కాదు, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"కాన్పుకు పోతా ఉండాను అత్తా. ఆ కట్టడం తెరిస్తే వస్తాను. తెరవకుంటే రాను. నీ మీద కోపమూ లేదు, నీ కొడుకు మీద కోపమూ లేదు."

నా కొడుకు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ పిల్ల మాట మీద నిలబడే మనిషని బియ్యం ఏరే తీరులోనే తెలుస్తుంది. రాయి ఉన్న బియ్యం ఆమె చేతిలో నుంచి దాటవు.

గాంధీ జయంతి రోజు గ్రామ సభ పెట్టారు. స్కూలు వరండాలో జంపఖానా పరిచి ఆడవాళ్లను ఒక పక్క కూర్చోబెట్టారు. పంచాయతీ క్లర్కు ఖర్చులు చదివాడు. ఆఫీసు పని మాకు తమిళంలో జరుగుతుంది, ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. తమిళం మాకు బాగానే తెలుసు గానీ, అతను వేలం పాట పాడినట్టు చదివితే ఆ తమిళం తమిళులకు కూడా తెలియదు. వీధి లైట్లు అన్నాడు, బోరు రిపేరు అన్నాడు. నడుమ ఆడవాళ్ల కట్టడానికి రంగు, ఫినాయిలు, చీపుర్లు, శుభ్రం చేసినవాళ్లకు కూలి అని ఒక వరస దొర్లించుకుపోయాడు.

మా ఎదురింటి అవ్వ చేయి పైకెత్తింది. ఆమె నా కంటే చాలా పెద్దది, భయం అనేది ఆమెకు ఎప్పుడో పండ్లతో పాటు ఊడిపోయింది. తాళం వేసిన కట్టడానికి ఫినాయిలు ఎట్లా పోసినావప్పా, తాళం సందులో నుంచా, అని అడిగింది. జనం నవ్వారు. ప్రెసిడెంటు లేచి చాలా ఓపికగా వివరించాడు. కట్టడం గవర్నమెంటు సొత్తు. తెరిచి పెడితే మనుషులు వాడతారు. వాడితే గలీజవుతుంది. గలీజైతే పై నుంచి వచ్చే ఆఫీసర్లు ఊరిని ఏమనుకుంటారు. ఇప్పుడు చూడండి, జిల్లా మొత్తంలో ఇంత శుభ్రంగా ఉన్న ఆడవాళ్ల కట్టడం ఇంకొకటి లేదు.

ఆ మాట నిజమే. మేము ఒప్పుకున్నాము. తర్వాత నేను లేచి, మోటారు ఎప్పుడొస్తుందని అడిగాను. అది మా చేతిలో లేదు అన్నాడు క్లర్కు. పై నుంచి డబ్బు రావాలన్నాడు. కావాలంటే సోమవారం కృష్ణగిరికి పోయి కలెక్టరుకు మను ఇవ్వండన్నాడు.

తమిళంలో మను అంటే అర్జీ. మా తెలుగులో మనువు అంటే పెండ్లి. అవ్వ బోసి నోరు తెరిచి అతన్ని చూసింది.

"ఈ వయసులో నన్ను కలెక్టరుకు మనువిస్తావా అప్పా? ఆయప్పను ఒక మాట అడిగినావా?"

ఆ రోజు గ్రామ సభ అక్కడితో ముగిసింది. ఆ తర్వాత మా వీధిలో అర్జీ అనే మాట ఎవరూ వాడలేదు. సోమవారం మేము నలుగురైదుగురు ఆడవాళ్లం మంచి చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని బస్సెక్కాము. యాడికమ్మా అందరూ అని కండక్టరు అడిగితే, ఈ అవ్వకు మనువు కుదిరింది, మాట్లాడుకోవడానికి పోతున్నామని చెప్పాము. అతను అవ్వకు కిటికీ పక్కన సీటు ఖాళీ చేయించాడు.

కృష్ణగిరి కొత్తగా జిల్లా అయిన రోజులవి. అంతకు ముందు ఏ మొర పెట్టుకోవాలన్నా ధర్మపురికి పోవాలి. జిల్లా దగ్గరికి వచ్చింది కాబట్టి మొరలు కూడా ఎక్కువయ్యాయి. అంచెట్టి కొండల నుంచి, బస్సులేని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు తెల్లవారకముందే బయలుదేరి, సద్ది మూటలతో వచ్చి, కలెక్టరాఫీసు ముందర కూర్చుని ఉన్నారు. దారి కావాలని ఒకరు, దారికి అడ్డం కట్టిన గోడ తీయించాలని ఒకరు, ఆ గోడ తీయొద్దని పక్కనే ఇంకొకరు.

అప్పటికి నాకు చదవడం వచ్చు. పిల్లలు పెద్దవాళ్లయిన తర్వాత గవర్నమెంటు సాయంత్రం బడి పెడితే పోయి తమిళ అక్షరాలు నేర్చుకున్నాను. ఆ ఊపులో నా కొడుకు ఒకటో తరగతి పుస్తకం దులిపి తెలుగు కూడా నేర్చుకున్నాను. అందుకని మను నేనే తెలుగులో రాసి తీసుకుపోయాను. వాకిట్లో ఉన్న గుమస్తా దాన్ని తిప్పి చూశాడు, తలకిందులు చేసి చూశాడు, తమిళంలో రాయించుకుని రమ్మన్నాడు. ఆఫీసులో పనికి వచ్చే తమిళం రాసేంత చేయి నాకు లేదు. చదవడం వరకే.

చెట్టు కింద మను రాసే మనిషి ఒకడు చిన్న బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాడు. సేలం పక్క నుంచి వచ్చినవాడు, తెలుగు ముక్క రాదు. చుట్టూ మగవాళ్లు మూగి ఉన్నారు. ఏమి కావాలమ్మా అని తమిళంలో అడిగాడు. ఇక్కడే మా గొంతులు తగ్గిపోయాయి. బస్సులో అంత గోల చేసినవాళ్లం అంత మంది మగవాళ్ల నడుమ కక్కూసు అనే మాట అనలేకపోయాము. కక్కూసు అంటే ఏ భాషవాడికైనా అర్థమవుతుంది, అందుకే అనలేకపోయాము. ఇంట్లో మేము వాడే మెత్తటి మాట ఒకటి ఉంది, దొడ్డి. దొడ్డి అంటే పెరడు కావచ్చు, పశువుల కొట్టం కావచ్చు, మేము పోయే పని కావచ్చు. వినేవాళ్లకు తగినట్టు అర్థం మారుతుంది, చెప్పేవాళ్లకు సిగ్గు తప్పుతుంది. నేను ఆ మాటే చెప్పాను. ఆడవాళ్ల దొడ్డి ఉంది, దాంట్లో నీళ్లు లేవు, మూసి పెట్టారు, తెరిచి నీళ్లు వదలాలి అని తమిళంలో చెప్పాను, దొడ్డిని మాత్రం దొడ్డిగానే ఉంచి.

"తొట్టిలో నీళ్లు లేవా?" అని అడిగాడు అతను.

మా మాటలు వాళ్ల నోట్లో పడితే అట్లాగే గట్టిపడతాయి కదా, అనుకున్నాము. లేవన్నాము. అతను ఒక పేజీ నిండా రాశాడు. నేను కాగితం తీసుకుని వేలు పెట్టి చదువుకున్నాను. తమిళంలో తకూ దకూ ఒకటే అక్షరం, టకూ డకూ ఒకటే అక్షరం. నేను దొడ్డి అని చదివాను. చక్కగా రాశాడని మెచ్చుకున్నాను. అదే అక్షరాలను తమిళులు తొట్టి అని చదువుతారు. నీళ్లు పట్టుకునే తొట్టి, పశువులు తాగే తొట్టి. ఆ కాగితం మా చేతిలో ఉన్నంతసేపూ దొడ్డిగా ఉంది. కలెక్టరాఫీసు కిటికీ దాటి అవతల చేతిలో పడగానే తొట్టి అయింది.

కలెక్టరాఫీసు ఆలస్యం చేస్తుందని అందరూ అంటారు. మా విషయంలో ఆ మాట అనకూడదు. కాన్పు కాక ముందే సిమెంటు వచ్చింది, ఇసుక వచ్చింది, మేస్త్రి వచ్చాడు. కట్టడానికి ఎదురుగా, నవ్వే బొమ్మకు సరిగ్గా ముందర, మంచి తొట్టి ఒకటి కట్టారు. పైపు పెట్టారు, నీళ్లు వదిలారు. కట్టడం లోపలికి నీళ్లు తీసుకుపోవడానికి ఇది మొదటి పని అనుకుని మేము మేస్త్రికి కాఫీలు కూడా ఇచ్చాము. తొట్టికి రంగు వేసి మేస్త్రి వెళ్లిపోయాడు. తాళం అట్లాగే ఉంది. ఆవులు వచ్చి నీళ్లు తాగడం మొదలుపెట్టాయి.

పంచాయతీ ఆఫీసుకు పోయి అడిగితే క్లర్కు మా మను కాపీ తీసి చూపించాడు.

"తొట్టి కావాలని మీరే గదక్కా రాసిచ్చినారు."

"తొట్టి కాదప్పా. దొడ్డి. చదువు సరిగా."

"తొట్టి అనే ఉండాది."

"దొడ్డి అనే ఉండాది."

ఇద్దరమూ ఒకే మాట మీద వేలు పెట్టి ఉన్నాము. ప్రెసిడెంటు లోపలి నుంచి వచ్చి, కలెక్టరే స్వయంగా మా ఊరికి తొట్టి ఇచ్చాడు, దాన్ని కాదంటే ఊరికి మర్యాదగా ఉండదన్నాడు. అడిగింది ఇచ్చినా ఆడవాళ్లకు తృప్తి ఉండదని కూడా అన్నాడు. కొద్ది రోజులకు కృష్ణగిరి నుంచి కార్డు వచ్చింది. మీ మను మీద చర్య తీసుకోవడమైనది, అని. అవ్వ ఆ కార్డు నాతో చదివించుకుని, మళ్లీ పోయి చెప్పుకుంటే మారుమనువు అవుతుంది, మా వంశంలో ఆ వాడుక లేదన్నది.

కోడలికి ఆడపిల్ల పుట్టింది. మేము పోయి చూసి వచ్చాము. బిడ్డ నా మొగుడి పోలిక, నిద్రలో కూడా నొసలు ముడిచి పెట్టుకుని ఉంది. కోడలు నన్ను కూర్చోబెట్టి, మర్యాదగా, మా ఊరి ఆవుల యోగక్షేమాలు అడిగింది. తొట్టి సంగతి నా కొడుకు చెప్పేసినట్టున్నాడు.

"ఆవులకైనా ఒక వసతి అయిందంట గదా అత్తా. మంచిదే. వాటికీ కడుపులుంటాయి."

బిడ్డను ఎత్తుకుని వాళ్ల ఇంటి వెనక తలుపు దాకా పోయి వచ్చాను. ఆ గడియ చూస్తే నాకే అసూయ కలిగింది. బస్సులో తిరిగి వస్తూ, ఆ పిల్ల నిజంగానే రాదు, వాళ్ల అమ్మ కూడా రమ్మని చెప్పదు, నేనైతే చెబుతానా అని ఆలోచించుకున్నాను. ఇక నా కొడుకు ఆదివారం ఆదివారం కృష్ణగిరి పోయి బిడ్డను చూసి వస్తాడు. బిడ్డకు మాటలు అక్కడే వస్తాయి. నన్ను పండగకు వచ్చే ముసలమ్మ అనుకుంటుంది.

రిపబ్లిక్ డే గ్రామ సభకు బ్లాకు ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వస్తున్నదని క్లర్కు డప్పు వేయించాడు. కొత్త తొట్టిని చూసి, పని పూర్తయిందని రాసుకుని పోవడానికి. ఆఫీసరు ఆడమనిషి అని తెలియగానే అవ్వ మా ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంది.

"ఆ యమ్మకు మర్యాదలు మనమే చేయాల. యాడా తక్కువ కాకూడదు. తాగేదానికి బాగా ఇయ్యాల."

మొదట నాకు అర్థం కాలేదు. ఆమె కళ్లు చూస్తే అర్థమైంది.

ఆఫీసరు పొద్దున్నే జీపులో వచ్చింది. వయసు నలభై లోపే ఉంటుంది, నీట్‌గా చీర కట్టుకుంది, మంచి మనిషే. దిగగానే బొండాం కొట్టి ఇచ్చాము. జెండా ఎగరేసిన తర్వాత కాఫీ ఇచ్చాము. ఎండ పెరిగిందని ఇంకొక బొండాం ఇచ్చాము. తమిళంలో వద్దమ్మా చాలమ్మా అంటుంటే, మా ఊరి నీళ్లు తాగకపోతే మేము తక్కువవాళ్లం అనుకుంటున్నారా అని అవ్వ అడిగింది. ఆ మాట అంటే ఏ ఆఫీసరైనా తాగాల్సిందే. క్లర్కు ఖర్చులు చదవడం మొదలుపెట్టాడు. ఆ రోజు మేము అతన్ని తొందర పెట్టలేదు. పైగా అర్థం కాలేదు, ఇంకొకసారి చదవండప్పా, నిదానంగా, అని ప్రతి ఖర్చుకూ అడిగాము. ఆడవాళ్లు ఇంత శ్రద్ధగా లెక్కలు వినడం చూసి ఆఫీసరు సంతోషించింది. నడుమ మజ్జిగ వచ్చింది. ఆ మజ్జిగ మా ఏర్పాటు కాదు. ప్రెసిడెంటమ్మ తన కుర్చీలో నుంచి లేచి, ఇంటి దాకా పోయి, ఇంత పెద్ద గ్లాసుతో తెచ్చి ఆఫీసరు చేతిలో పెట్టింది. మర్యాదకు తెచ్చిందో, మా ఆలోచన పసిగట్టి తెచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. మళ్లీ కూర్చుని కొంగు సర్దుకుంది. నా వైపు ఒకసారి చూసినట్టే అనిపించింది.

లెక్క వీధి లైట్ల దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు కాళ్లు మార్చి కూర్చుంది. బోరు రిపేరు దగ్గర వాచీ చూసుకుంది. ప్రెసిడెంటు ధన్యవాదాలు చెప్పడానికి లేచాడు, అతనికి ధన్యవాదాలు ఎప్పుడూ పొడుగే. అతను సగంలో ఉండగా ఆమె లేచి వచ్చి నా చెవిలో అడిగింది. వాళ్లకూ ఆ మాట పైకి అనడానికి సిగ్గే.

నేను గొంతు తగ్గించలేదు. ఆ చెట్టు కింద మింగేసిన మాటను ఈసారి వరండా అంతా వినేట్టు, తమిళంలో అన్నాను. కక్కూసు కావాలా మేడం, రండి, మాకు గవర్నమెంటు కట్టిన మంచి కక్కూసు ఉంది, జిల్లాలో అంత శుభ్రమైనది లేదని మా ప్రెసిడెంటే చెప్పినాడు. ధన్యవాదాలు ఆగిపోయాయి.

ఆడవాళ్లమంతా ఆమెను నడుమ పెట్టుకుని ఊరేగింపులా పోయాము. తొట్టి దగ్గర ఆవులు పక్కకు జరిగి దారి ఇచ్చాయి. ఆఫీసరు తాళాన్ని చూసింది. తాళం చెవి యాడుంది అని అడిగితే, ప్రెసిడెంటు క్లర్కును చూశాడు, క్లర్కు ప్రెసిడెంటును చూశాడు. ఇంట్లో ఉందని ఒకరు, ఆఫీసులో ఉందని ఒకరు పరుగెత్తారు. ఆమె మొహం చూస్తే నాకు పాపమనిపించింది. మా కోడలి మొహం కూడా అట్లాగే ఉండేది, పెదవులు బిగించి, ఎవరి వైపూ చూడకుండా. చెవి తెచ్చారు, తాళం తుప్పు పట్టి తిరగలేదు. చివరకు రాయితో కొట్టి విరగ్గొట్టారు.

తలుపు తెరిస్తే లోపల ఎప్పుడో తెచ్చి వేసిన ఎరువు మూటలు. గదుల్లో డ్రిప్పు పైపుల చుట్టలు, గులాబీలకు కొట్టే మందు డబ్బాలు, విరిగిన మంచం ఒకటి. కక్కూసు పింగాణీలన్నీ తళతళలాడుతున్నాయి, ఒక్క మరక లేదు. అతను చెప్పింది అబద్ధం కాదు, అంత శుభ్రమైనది జిల్లాలో నిజంగానే ఉండదు. కుళాయి తిప్పితే గాలి వచ్చింది.

ఆమెను మేమే తీసుకుపోయాము, కట్టడం వెనక్కి, బీడు కంచె పక్కకు. మేము ఒకరికొకరు చేసుకునేట్టే చుట్టూ నిలబడి, బయటికి తిరిగి, కొంగులు చాపి పట్టుకున్నాము. వాచ్‌మెన్ కంచె అవతల నుంచి మమ్మల్ని చూసి అలవాటుగా ఈల నోట్లో పెట్టుకున్నాడు. అవ్వ అతని వైపు చూసి, ఊదప్పా ఊదు, లోపలుండేది గవర్నమెంటు, అన్నది. అతను ఊదలేదు.

తిరిగి వచ్చిన తర్వాత ఆఫీసరు ఎవరినీ తిట్టలేదు. చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయింది, అందుకు మాత్రం అది పనికి వచ్చింది. ఖర్చుల పుస్తకం తెప్పించి ఫినాయిలు ఉన్న పేజీ చదివింది, వేలం పాట లేకుండా, నిదానంగా. తర్వాత ప్రెసిడెంటు వైపు కాకుండా ప్రెసిడెంటమ్మ వైపు తిరిగి, వారంలో ఇది నడవాలి, మీరు సంతకం పెట్టండి, మీరే తెరవండి అని చెప్పింది. నేను చూస్తాను మేడం అని మొగుడు ముందుకు వచ్చాడు. మీరు ఎవరు అని అడిగింది ఆమె. అంత మంది ముందర అతన్ని ఆ మాట అడిగినవాళ్లు అంతవరకు లేరు. అతను కూడా కొంచెం ఆలోచించాల్సి వచ్చింది.

కట్టడం తెరిచారు. రిపేరైన మోటారు ఎక్కడి నుంచో తిరిగి వచ్చింది, దాని మీద గులాబి రేకులు అంటుకుని ఉన్నాయని అవ్వ అంటుంది, నేను చూడలేదు. తెరిచిన రోజు ప్రెసిడెంటు కొబ్బరికాయ కొట్టించి, గోడ మీద తన ప్రయత్నంతోనే అని రాయించుకున్నాడు. రాసుకోనీ అనుకున్నాము. అప్పుడప్పుడు నీళ్లు రావు, బల్బు పోతే వారాలు పడుతుంది, ఊడ్చే మనిషికి కూలి ఇవ్వరు. ప్రతి గ్రామ సభలోనూ మేము పోయి ఆ మాటను పెద్దగా, మూడు భాషల్లో అంటాము. ఇప్పుడు క్లర్కు ఆ పేజీ నిదానంగా చదువుతాడు. తెరిచి ఉన్నందుకు గలీజు కూడా అవుతుంది. మేమే కడుగుతాము.

కోడలికి నా కొడుకు ఫోను చేసి చెప్పాడు. ఆమె నమ్మలేదు. ఆఫీసర్లు వచ్చే రోజున ఎవరైనా తెరుస్తారు, ఊరకే ఉండే రోజుల్లో చూసి చెప్పండి అన్నది. మామిడికాయలు మార్కెట్టుకు వచ్చే దాకా ఆగింది. ఎండల్లో, నీళ్లు అన్ని చోట్లా తగ్గే రోజుల్లో, ఒక మధ్యాహ్నం చెప్పకుండా బస్సు దిగింది. నేను సద్ది తీసుకుని చేనుకు పోతూ రోడ్డు మీద ఆమెను చూశాను. చంకలో బిడ్డ, భుజానికి సంచి. నన్ను చూసి ఆగలేదు, ఇంటి వైపు తిరగలేదు. నేరుగా కట్టడం దగ్గరికి పోయి, వెనకే వచ్చిన నా చేతిలో బిడ్డను పెట్టి, లోపలికి పోయింది.

నేను ఎండలో నిలబడ్డాను. లోపల తలుపు పడింది. గడియ వేసిన చప్పుడు వినిపించింది. బిడ్డ నొసలు ముడిచి నన్ను చూస్తూ ఉంది, ఈ ముసలిది ఎవరని. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ రోజు పొద్దున నీళ్లు సన్నగా వచ్చాయి. అంతలో కుళాయి తిప్పిన చప్పుడు, బకెట్లో నీళ్లు పడిన చప్పుడు.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. బిడ్డను అడగలేదు, నా దగ్గరే ఉండనిచ్చింది. కింద పెట్టిన సంచి తీసి భుజానికి వేసుకుంది.

"పదత్తా, ఇంటికి పోదాం. పొద్దున నుంచి ఏమీ తాగలేదు. కాఫీ పెట్టుకుందాం."